ఇరవయ్యో స్వాబు

తల్లి గర్భంలోనే మనల్ని ఎరిగిన దేవునికి స్తోత్రం. నా చేతుల్లో తప్పు జరిగిన రోజున కూడా ఒక ప్రాణాన్ని కాచిన ప్రభువుకు మహిమ.

1979వ సంవత్సరం. అమలాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నేను ఆయాని. ఉద్యోగం మానకుండా అక్కడే నర్సింగ్ చదువుతున్నాను. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం క్లాసు. మా ఆయన గోదావరి మీద జనాన్ని దాటించే పంటులో పనిచేసేవారు. ఇద్దరు ఆడపిల్లల్ని అత్తగారు చూసేవారు. పిల్లల జ్వరాల వల్ల రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమయ్యాను. "ఇంకొక్క తప్పు జరిగిందా, పుస్తకాలు మూసేసి ఆయా పనే చేసుకో" అని ప్రిన్సిపాల్ సిస్టర్ గారు గట్టిగా చెప్పారు.

ఆ నెల నాకు ఆపరేషన్ థియేటర్‌లో స్వాబుల లెక్క అప్పగించారు. స్వాబు అంటే నెత్తురు అద్దే గాజుగుడ్డ మడత. ఐదేసి చొప్పున కట్టలు కట్టి ఉంచుతారు. కోత పెట్టకముందు ప్రతి కట్టా విప్పి, పైకి లెక్కపెట్టి, బోర్డు మీద రాయాలి. కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెట్టాలి.

ఆ రోజు రాజోలు వైపు నుంచి వచ్చిన వెంకాయమ్మ గారికి గర్భసంచిలో గడ్డ తీయాలి. నేను గోడకేసి తిరిగి పాఠం వల్లెవేసుకుంటుంటే చూసి ఆవిడ, "ఇద్దరు పిల్లల తల్లివి, నీకీ పరీక్షలేంటమ్మా? నా మనవరాలూ నీలాగే గోడకేసి చూసి గొణుక్కుంటాది" అని నవ్వారు. "ఆయ్, ఇద్దరం పాసవుతామండీ" అన్నాను.

కత్తి పట్టేముందు డాక్టరమ్మ గారు ప్రార్థన చేయడం, మేమంతా కళ్లు మూసుకోవడం అక్కడి అలవాటు. ఆ పూట పరికరాలు సర్దడం ఆలస్యమై, లెక్క కాకుండానే ప్రార్థన మొదలైంది. సరిగ్గా అప్పుడే వరండాలోంచి మా చిన్నదాని ఏడుపు వినిపించింది. దానికి తట్టు పోసి, జ్వరంతో ఒళ్లు కాగుతోంది. అత్తగారు ఎత్తుకొచ్చేశారు. నా ప్రార్థన వెంకాయమ్మ గారిని వదిలేసి వరండాలోకి పోయింది. అందరూ ఆమెన్ అన్నారు. డాక్టరమ్మ గారు కత్తి అందుకున్నారు. కట్టలు నాలుగున్నాయి కదా అని, విప్పి చూడకుండానే బోర్డు మీద 20 అని రాసేశాను.

గడ్డ బయటికి వచ్చింది. కుట్లకు ముందు స్వాబులు లెక్కపెడితే పందొమ్మిది. మళ్లీ పెట్టాను. పందొమ్మిదే.

"ఒకటి తక్కువండీ."

"మొదట ఇరవై చూసేవా, రత్నం?" డాక్టరమ్మ గారు తలెత్తలేదు.

చూశానంటే నా చదువు నిలుస్తుంది. "లేదండీ. కట్టలు విప్పలేదండీ. ప్రార్థనలో ఉండిపోయేనండీ."

"ప్రార్థనా! ఇప్పుడా ఆ మాట చెప్పడం?" పక్కనున్న స్టాఫ్ నర్సు గారు పళ్లు కొరికారు. కిందటి వారమే ఒక కట్టలో నాలుగే వచ్చాయి. ఇదీ అలాంటిదేనేమో, లోపల ఏమీ లేదేమో అనుకున్నాను.

"బీపీ పడిపోతోందండీ. కుట్టేద్దామా?" మత్తు ఇస్తున్నాయన అడిగారు.

"లెక్క తెలీనప్పుడు లోపలున్నట్టే. రక్తం ఎక్కించండి" అంటూ డాక్టరమ్మ గారు మళ్లీ చేయి పెట్టారు. ఆవిడ వెతికిన ఏడు నిమిషాల్లో నాకు ప్రార్థన రాలేదు. గడియారం ముల్లు మాత్రమే కనిపించింది. పేగుల వెనక నుంచి, నెత్తురుతో నానిపోయి, కండముక్కలా ఉన్న ఇరవయ్యో స్వాబు బయటికి వచ్చింది.

వెంకాయమ్మ గారు రెండు రోజులు ప్రమాదంలోనే ఉండి, తేరుకున్నారు. మా చిన్నది కూడా లేచి తిరిగింది. ప్రిన్సిపాల్ సిస్టర్ గారు నా సీటు తీయలేదు. "నువ్వు అబద్ధమాడి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేదానివి" అన్నారు. కానీ నా థియేటర్ శిక్షణ మొదటి నుంచీ మళ్లీ చేయించారు. తోటివాళ్లకంటే ఆరు నెలలు వెనకబడ్డాను.

దేవుడు నాకు అప్పగించిన పని ఆ నాలుగు కట్టలు విప్పడం. అది వదిలేసి కళ్లు మూసుకుంటే భక్తి కాదు. ఆ తరువాత ఎన్నేళ్లు పనిచేసినా ముందు లెక్క పూర్తిచేసి, అప్పుడే తల వంచేదాన్ని.

ఈ పూట కూడా ఏదో ఆసుపత్రిలో ఒక తల్లి, ఇంట్లో జబ్బు బిడ్డను వదిలి, ఎవరి ప్రాణానికో కాపలాగా నిలబడి ఉంటుంది. ఆమె చూపు చెదరకుండా, ఆమె బిడ్డ ఒంటరి కాకుండా కాయమని, నాతో కలిసి ప్రభువును అడగండి.