వలలో వేలాడిన పన్నెండు కొవ్వొత్తులు

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. "అమ్మా, మీ రెండో పార్శిలు కూడా ముక్కలుగానే చేరింది. ఇంక పంపకండి. గురువారం సాయంత్రం మీ కొవ్వొత్తులు పెట్టే అర వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాను" అంది దుకాణం ఆవిడ. ఇంట్లో అలంకరణకి పెట్టుకునే సామాన్లు అమ్ముతుంది ఆమె.

మేం ఆరుగురం ఆడవాళ్ళం. మగవాళ్ళు సముద్రం మీద వేటకి వెళతారు, మేం చేపలమ్మేవాళ్ళం. ఒక ఏడాది తుఫానొచ్చి పదిరోజులు కరెంటు లేకపోతే, ఇంట్లో మిగిలిన మైనం ముక్కలన్నీ కరిగించి, అచ్చులు లేక ఒడ్డున తడి ఇసకలో పిడికిలితో గుంట నొక్కి అందులో పోశాం. గట్టిపడ్డాక తీస్తే మైనానికి ఇసక పొరలా పట్టేసి, చూడ్డానికి సముద్రంలోంచి ఏరినట్టు వచ్చాయి. అప్పట్నించి అదే మా సరుకు. హైదరాబాదులో మాకున్నది ఆ ఒక్క అర. అది పోతే ఆరుగురం మళ్ళీ చేపల గంపకే.

"పంపను. నేనే పట్టుకొస్తాను. గురువారం సాయంత్రం లోపల మీ బల్ల మీద పన్నెండు నిలబెడతాను. విరిగితే మీరు చెప్పక్కర్లేదు, మేమే మానేస్తాం" అన్నాను.

ఫోను పెట్టగానే మా తోటికోడలు పోలమ్మ అందుకుంది. "అప్పా, ఏటి నువ్వు సెప్పిన మాట? వేసంగి సెలవులు, రైళ్ళన్నీ నిండిపోనాయి. ఎలాగెల్తావు?"

"ఇమానంలో ఎల్తాను."

"ఇమానం నీ గుమ్మం ముందు ఆగుతాదేటి? మనం ఎక్కితే పక్కోడు లేసి నిలబడతాడు వాసనకి."

"నిలబడనీ. నాకు కాళ్ళు సాపుకోడానికి జాగా వస్తాది" అన్నాను. ఆరుగురం తలా కొంత వేసి టిక్కెట్టు తీశాం.

నా వెనక వెళ్ళేవాళ్ళ కోసం సర్దిన పద్ధతి చెబుతాను. ముందు రెండు పార్శిళ్ళూ అట్టపెట్టెలో కాగితం కుక్కి పంపాం. పెట్టె కదిలినప్పుడల్లా ఒకదానికొకటి కొట్టుకుని పోయాయి. ఈసారి రొయ్యలు పంపే తెల్లటి థర్మకోల్ పెట్టె చిన్నది తీసుకుని, సున్నపునీళ్ళతో కడిగి రెండ్రోజుల ఎండలో ఎండబెట్టినది వాడాం. ఒక్కో కొవ్వొత్తికి పాత నూలు చీరముక్క చుట్టాం. చిరిగిపోయిన నైలాన్ వలని పెట్టె లోపల అడ్డంగా నాలుగు వరసలు బిగించి, మూలల్లో కన్నాలు చేసి బయట ముడులు వేశాం. కొవ్వొత్తులని ఆ వల మడతల్లో ఒక్కొక్కటీ విడివిడిగా కట్టాం. పెట్టె అడుక్కీ గోడకీ ఏదీ తగలదు. అవి పెట్టెలో కూర్చోలేదు, వేలాడాయి. ఆవిడ అడిగినవి పన్నెండు. చేపల్లో కొసరు వేసే అలవాటు కదా, పదమూడోది వేశాం.

ఇక మేం చేసిన తప్పు కూడా చెబుతాను. ఎండలో ఏ సరుకు పంపినా అడుగున ఐసు వెయ్యడం మాకు పుట్టుకతో వచ్చిన పని. మైనం కరిగిపోతుందని, రెండు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టె అడుగున పెట్టేశాం. ఎందుకని ఒక్కరమూ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి కోటబొమ్మాళి స్టేషనులో పాసింజరు ఎక్కాను. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. చీపురుపల్లిలో ఎక్కిన ఒకావిడ, "పిన్నీ, రొయ్యలెంత?" అని అడిగింది. కొవ్వొత్తులన్నాను. "సెప్పడం ఇష్టం లేకపోతే మానేయ్, కొవ్వొత్తులంటావేటి" అని మొహం తిప్పుకుంది. ఐదు దాటాక విజయనగరంలో దిగి, ఆటోకి అరవై రూపాయలిచ్చి మా ఆడపడుచు ఇంటికి చేరాను. ఆ పూట బస అక్కడే.

దీపాలు పెట్టే వేళ ఎందుకో అనుమానం వచ్చి మూత తీశాను. అడుగు వరసలో, సీసా పైన వేలాడే కొవ్వొత్తి గుడ్డ విప్పి చూస్తే, ఇసక పొర కింద మైనం జాలీలా చిట్లి ఉంది. మిగతావన్నీ విప్పి చూశాను. పన్నెండూ బాగానే ఉన్నాయి.

ఆడపడుచు ఊరుకోలేదు. "వేడికి కరుగుతాది గానీ సలికి పగులుతాదేటి వదినా? దిష్టి తగిలినాది."

"దిష్టి కాదు, మన బుద్ధి. సేపకి సేసిందే దీనికీ సేసినాం" అన్నాను. ఆ సీసాల నీళ్ళు ఇద్దరం తాగేశాం. మీరు మాత్రం మైనానికి ఐసు తగలనివ్వకండి. ఎండ తగలకుండా, ఒకే తీరు చల్లదనంలో ఉంటే చాలు. పగిలినదాన్ని పారెయ్యకుండా విడిగా సంచిలో వేసుకున్నాను.

గురువారం పొద్దున్న ఆరింటికి విజయనగరంలో బస్సెక్కి, ఎనిమిదిన్నరకి విశాఖ విమానాశ్రయం చేరాను. విమానం పదకొండుంపావుకి. టిక్కెట్టు చూసే బల్ల దగ్గర అమ్మాయి పెట్టె చూడగానే, "చేపలు లోపలికి ఒప్పుకోరండీ. వాసన వచ్చేవీ నీళ్ళు కారేవీ తీసుకోము" అంది.

"మూత తీస్తాను, వాసన సూడు తల్లీ."

ఆ పిల్ల వంగి వాసన చూసింది. వలలో వేలాడేవాటిని ఒకటొకటీ చూసింది. తరవాత మెల్లిగా, "మాది రాజాం పిన్నీ. ఇలాటి పేకింగు నేనెక్కడా సూడలేదు. సామాన్లలో వేసేస్తారా, సేత్తో పట్టుకెల్తారా?" అని భాష మార్చింది.

"సేత్తోనే. కింద వేస్తే నా పేణం దాంతోపాటే ఉంటాది."

కొలత సరిపోయింది. అగ్గిపెట్టె ఉందా అని అడిగింది. అక్కడ వెలిగించి చూపిద్దామని ఒకటి పెట్టుకున్నాను. అది విమానంలోకి కుదరదట, తీసి ఇచ్చేశాను. గాజుగ్లాసులో జెల్లులా మెత్తగా ఉండే కొవ్వొత్తులు చేత్తో పట్టుకెళ్ళడానికి పేచీ పెడతారట, గట్టి మైనానికి పరవాలేదట. ఈ మాట గుర్తుంచుకోండి.

తనిఖీ దగ్గర అసలు చిక్కు వచ్చింది. పెట్టె బొమ్మ తెర మీద పడగానే యంత్రం పట్టీ ఆపేశారు. ఇసక పొర బిగుతుగా ఉండి, లోపల ఏముందో వాళ్ళకి తెలియలేదనుకుంటాను. అధికారి హిందీలో ఏదో అడిగాడు. నా వెనక నిలబడిన పెద్దాయన తెలుగులో చెప్పాడు. చేతిలో వయొలిన్ పెట్టె ఉంది, విజయనగరంలో పిల్లలకి సంగీతం చెబుతాడట.

"ఒకటి కోసి చూస్తారటమ్మా."

"పన్నెండు లెక్క. ఒక్కటి తగ్గినా నా ప్రయాణం దండగ. కొయ్యనివ్వనని సెప్పండి బాబూ."

"అలా చెబితే పెట్టె మొత్తం ఇక్కడే ఉంచేస్తారు."

అప్పుడు సంచిలోంచి చిట్లిన పదమూడోది తీసి బల్ల మీద పెట్టాను. "ఇదీ ఆ సేతులే పోసినాది. దీన్ని ఎన్ని ముక్కలైనా సేసుకోమనండి. మిగతావి యంత్రంలో మళ్ళీ తిప్పుకోమనండి, ముందువాళ్ళ సంచులకి సేసినట్టు గుడ్డతో తుడిసి సూసుకోమనండి. కత్తి మాత్రం పెట్టనివ్వను."

పెద్దాయన అదంతా హిందీలో చెప్పాడు. నాకంటే మర్యాదగానే చెప్పి ఉంటాడు. చిట్లినదాన్ని అడ్డంగా కోశారు. మైనం, మధ్యలో ఒత్తు. దాన్నీ మిగతావాటినీ పక్కపక్కన యంత్రంలో తిప్పారు. ఒక్కోదాన్నీ తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ఇంకో యంత్రంలో పెట్టి చూశారు. ఇరవై నిమిషాలు పట్టింది. నేను బల్ల మీంచి చెయ్యి తియ్యలేదు. ఆఖరికి తలూపి పంపేశారు.

"వయొలిన్ని కోసి చూపించమనలేదు, అదృష్టవంతుణ్ణి" అన్నాడు పెద్దాయన.

విమానంలో ఆయనా నేనూ ఒకే వరస. పైన అరలో పెట్టమంది అక్కడి అమ్మాయి. పైన పెడితే ఇంకొకరి బరువు సంచి దాని మీద తోస్తారు. ముందు సీటు కింద సరిపోతుందని చూపించి అక్కడే పెట్టి, రెండు పాదాల మధ్య బిగించాను. లేచేటప్పుడు వెనక్కి, దిగేటప్పుడు ముందుకి పెట్టె జారబోయింది, పాదాలు ఆపాయి. కాఫీ చాలా ఖరీదు, అందుకే తాగలేదు. పెద్దాయన తన పులిహోర సగం పెట్టాడు.

దుకాణం చేరేసరికి మూడు. మెత్తని చీర కట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి ఆవిడ, ఎదురొచ్చి కుర్చీ వేసింది. ముడులు విప్పి పన్నెండూ బల్ల మీద నిలబెట్టాను. ఆవిడ ఒక్కోటీ తిప్పి చూసి, తల పంకించి, మళ్ళీ తల అడ్డంగా ఆడించింది.

"చాలా బాగున్నాయమ్మా, కాదనను. కానీ నెలనెలా మీరు విమానంలో తేలేరు కదా. పార్శిల్లో వస్తేనే నాకు వ్యాపారం. పార్శిల్లో ఇవి రావు."

పన్నెండూ మళ్ళీ గుడ్డలు చుట్టి, వలలో కట్టి, మూత వేసి, తాడు బిగించాను. పెట్టెని బల్ల అంచుకి తెచ్చాను.

"ఏం చేస్తున్నారు?"

"పార్శిల్ ఆఫీసులో ఏటి సేస్తారో అదే" అని వదిలేశాను.

పెట్టె నేల మీద దబ్బున పడింది. పైకెత్తి, నా తలంత ఎత్తు నుంచి మళ్ళీ వదిలాను. ఈసారి ఒక మూల విరిగి తెల్లటి పొడి రాలింది. పక్కకి పడ్డ పెట్టెని కాలితో గోడ దాకా తోశాను, లారీలో తోసేవాళ్ళలాగే. దుకాణంలో సామాన్లు చూస్తున్న వాళ్ళందరూ చూస్తున్నారు. ఆరుగురి పని ఆ పెట్టెలో ఉంది. ఒక్కటి విరిగినా ఇంటికెళ్ళి ఏమని చెప్పాలో అప్పటికి నేను ఆలోచించలేదు.

"మీరే విప్పండి" అన్నాను.

ఆవిడ నేల మీదే కూర్చుని, కత్తెరతో తాడు కోసింది. ఒక్కోటీ తీసి వరసలో పెట్టింది. పన్నెండో దానికి అంచున గోరంత ఇసక పొర రాలింది. మైనం విరగలేదు. ఆవిడ ఆ వల ముడులని వేలితో లాగి చూసింది.

"నెలకి నలభై పంపగలరా?" అని అడిగింది.

"పంపుతాం. వల మాత్రం తిరిగి పంపాలి. మా దగ్గర పాత వలలు ఊరికే చిరగవు" అన్నాను.

రైలు అదే రోజు సాయంత్రానిది. ఎవరో మానుకున్న బెర్తు దొరికింది, చేతిలో పెట్టె లేదు కాబట్టి కాళ్ళు చాపుకుని పడుకున్నాను. తెల్లారి విజయనగరం దాటాక పోలమ్మకి ఫోను చేశాను. విషయం విని, "నేల మీదేసి కొట్టినావా? నీకు పిచ్చి గానీ పట్టినాదేటి అప్పా" అని తిట్టి, వెంటనే పక్కవాళ్ళకి చెప్పడం వినబడింది.

విమానం ఎలా ఉందని అడిగేవాళ్ళకి ఒకటే చెబుతాను. మూడు గంటలు బల్లల దగ్గర నిలబడి, గంటసేపు ఎగరడం అది. ఎగరడం వాళ్ళు చూసుకుంటారు. నిలబడవలసింది మనం.

కోటబొమ్మాళిలో దిగి ఇంటికి పోకుండా ముందు పార్శిల్ ఆఫీసుకి వెళ్ళాను. వచ్చే వారం నలభై ఉన్న పెట్టె ఒకటి పంపాలి, ఏ రోజు తెమ్మంటావని అడిగాను. గుమస్తా కాగితం తీసి, తల ఎత్తకుండా, "పగిలే సామానా?" అన్నాడు.

"కాదు" అన్నాను.