బల్లను చూసి చేప పేరు

మా ల్యాబ్‌లో సీనియర్ అక్క తిట్టకుండా కంప్యూటర్ చేత పని చేయించేది కాదు. "ఏటి సేత్తన్నావ్ రా, సచ్చినోడా?" అని తెరను గదమాయిస్తే కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు. ఫోటో చూసి చేప పేరు చెప్పే ప్రోగ్రామ్ మీద ఆమె పీహెచ్‌డీ. దానికి నేర్పడానికి వాడిన ఫోటోలన్నీ ఫిషింగ్ హార్బర్‌లో తనే తీసింది.

వైవా రోజున మా గైడ్ బతిమాలారు. "అమ్మా, ఇవాళ్టికి దాన్ని తిట్టకు. ఇంగ్లీషులోనే మాట్లాడు."

చక్కగానే మాట్లాడింది. చివర్లో ఆ పొద్దున తీసిన వంజరం చేప ఫోటో ఇస్తే, ప్రోగ్రామ్ ధీమాగా "కానాగంత" అని వేరే చేప పేరు చూపించింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు తేడా తెలియక తల ఊపారు. గైడ్ ఊపిరి పీల్చుకున్నారు. అక్క మాత్రం తెర మీదకు వంగి, "ఒరే దొంగ సచ్చినోడా! సేపని సూడమంటే బల్లని సూత్తన్నావేటి రా?" అని అరిచింది.

ఆమె ఎగ్జామినర్ వైపు తిరిగింది.

"తప్పు సెప్పింది సార్. కానాగంతల ఫోటోలన్నీ నీలం బల్ల మీద తీసాను. ఈ వంజరం కూడా అదే బల్ల మీద ఉంది. ఇది సేపని నేర్సుకోలేదు, బల్లని నేర్సుకుంది."

డిగ్రీ ఆగిపోయింది. గైడ్ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. మెట్లు దిగుతూ నేను, "నోరు మూసుకుంటే సరిపోయేది కదక్కా" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"నాను మూసుకుంటాను. సేప ఊరుకుంటాదేటి?"

మళ్లీ హార్బర్‌కు వెళ్లి, ఒక్కో చేపనూ రకరకాల చోట్ల ఫోటోలు తీసి, ప్రోగ్రామ్‌కు మళ్లీ నేర్పి, మరుసటి ఏడాది అదే ఎగ్జామినర్ చేత డాక్టరనిపించుకుంది. ఆ మధ్యాహ్నం విందులో ఆయన కూరలోంచి ముక్క తీసి, "ఇదేం చేపమ్మా?" అని అడిగారు.

"ముందు తినండి సార్. పేరు తర్వాత సెప్తాను" అంది అక్క.