నరహరి అన్న కలిపిన అర మనిషి

నిన్న పొద్దున ఫోన్ తీస్తే నరహరి అన్న ఇక లేడని మెసేజ్.

నమ్మలేదు. మొన్ననే కదా ఫోన్‌లో నన్ను తిట్టిపోసింది!

గ్రూప్‌లో ఎవరో పెట్టారు: "మంచి మనిషే, కానీ మొండి."

ఆ "కానీ" ఏంటండీ? ఆయన మొండివాడు కాబట్టే నేను గోదావరిఖనిలో రిటైరయ్యేదాకా డ్యూటీ చేశాను.

డెబ్బైల నాటి మాట. బొగ్గుబాయిలో మాది కొత్త బ్యాచ్. నీళ్లూరే పక్కన గని పైకప్పు రాలి మాలో కొందరికి దెబ్బలు తగిలాయి. సీనియర్లలో ఒక్కరికీ తగల్లేదు. దాంతో పై ఆఫీసర్, "కొత్తవాళ్లకు పని రాదు, తీసేద్దాం, రిపోర్ట్ రాయి" అన్నాడు.

రాయాల్సింది అన్న. మంథని మనిషి, స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ, సేఫ్టీ ఆఫీసులో ఉద్యోగం.

చేత్తో తిప్పే క్యాలిక్యులేటర్ మీద లాజిస్టిక్ రిగ్రెషన్ మొదలెట్టాడు. కొత్తవాళ్లమైనందుకే దెబ్బలు తగిలాయా అని తేల్చే లెక్క అది. కొన్ని రౌండ్లు తిప్పాక అంకె ఒకచోట ఆగాలి. ఆగలేదు. తిప్పినకొద్దీ పెరిగింది.

ఆఫీసర్ సంబరపడ్డాడు. అంకె పెద్దదైతే రుజువు పెద్దదట!

"ఆగని అంకె రుజువెట్లయితది సార్? సీనియర్ల దిక్కు సున్నా ఉన్నది, గందుకే ఉరుకుతున్నది. వాళ్లను నీళ్ల దిక్కు పంపనేలేదు గదా. పోనోళ్లకు దెబ్బెట్ల తగుల్తది?"

తర్వాత కొత్త, పాత, తగిలింది, తగల్లేదు అని నాలుగు గళ్లు గీసి, ఒక్కో గడిలోని అంకెకు అర చొప్పున కలిపాడు.

ఆఫీసర్ నవ్వాడు. "అర మనిషికి దెబ్బ తగిలిందా?"

"మనం ఇంకా చూడని మనిషి సార్ ఆయన."

అంకె ఆగింది. కానీ అటూ ఇటూ ఎంత అనుమానం మిగిలిందంటే, దాన్ని పట్టుకుని ఎవరి ఉద్యోగమూ తీయలేరు. అన్న అదే రాశాడు. ట్రాన్స్‌ఫర్ చేస్తామని బెదిరించినా ఒక్క ముక్క మార్చలేదు.

ఈ సంగతి విని మా ఊరి సీనియర్ మల్లయ్య కాక, తనే అడిగి నీళ్ల పక్కకు డ్యూటీ వేయించుకున్నాడు. కొన్నాళ్లకే కప్పు రాలి కాలు విరిగింది. దవాఖానలో అన్న చెయ్యి పట్టుకుని, "ఇగ రాయి బిడ్డా, పాతోళ్లకు గూడ తగుల్తదని" అన్నాడు.

అన్న వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే రాశాడు.

కప్పు రాలకుండా కింద ఆసరాగా కొత్త కర్రలు పడ్డాయి. మాలో ఒక్కరినీ తీసేయలేదు. అన్నకు మాత్రం ప్రమోషన్ రాలేదు.

నిన్న సాయంత్రం పాడె ఎత్తుతుంటే ఎవరో, "పెద్దోళ్లు, మీరెందుకు? పిల్లలున్నరు గదా" అన్నారు.

మేం భుజం దించలేదు. అప్పట్లో ఉద్యోగం ఊడి ఇంటికి పోవాల్సిన వాళ్లమంతా ఆయన్ని చివరిదాకా మోశాం.

శాంతిగా వెళ్లిరా అన్నా.