కల్లంల కూసోమన్నరు

నాకు కూసునుడు చేతగాదు. చిన్నప్పటి సంది అంతే. చర్చిల పాటలు పాడినంతసేపు మంచిగనే ఉంట గని, ప్రసంగం మొదలైందంటే కాలు ఊపుత. పక్కనున్నోళ్లు తొడ మీద ఒక్కటేస్తరు. పోయినేడు పాస్టరమ్మ గారు ఇంటికొచ్చి, "ఇగ ఈ వయసుల విశ్రాంతి తీసుకోవాలమ్మా" అన్నది. దేవుడే ఏడో రోజు ఒక్కటే కూసున్నడు గదమ్మా, నేను గూడ ఆదివారం కూసుంటనే ఉన్న అన్న. ఆమె నవ్వింది. నా బిడ్డ నవ్వలే.

బిడ్డ ఖమ్మంల ఒక దవాఖానాల నర్సు. పొద్దున బస్సెక్కితే పొద్దుగూకినంక దిగుతది. బిడ్డ, అల్లుడు, పిల్లలు, నేను, అందరం ఏన్కూరు దగ్గర ఒక్కటే ఇంట్ల ఉంటం. అన్నం పెట్టెటోళ్లు లేక నేను కూలికి పోతలేను. ముందే చెప్తున్న, జాలి సూపులు నాకు పడవు. మిరపతోటలు మొదలైనయంటే నా కాళ్లు ఇంట్ల నిలవవు, అంతే. పొద్దుగాల ఆటో హారన్ ఇనపడక ముందే సద్దిగిన్నె పట్టుకొని గుమ్మంల నిలబడి ఉంట. చీర మీద ఫుల్ చేతుల చొక్కా, ముక్కుకు మూతికి గుడ్డ. ఆ గుడ్డ కట్టినంక ఎవలు ముసలిదో ఎవలు పడుచుదో చెప్పుండ్రి చూస్త!

పోయినేడు ఒకసారి సాలు నడుమ కండ్లు తిరిగి కూలబడ్డ. నిజమే, కాదంటలేను. మొఖాన నీళ్లు చల్లిన్రు, లేసిన, మళ్ల కాయ తెంపిన. ఈ ముచ్చట నేను ఇంట్ల చెప్పలే. ఏ మహాతల్లో బిడ్డకు చెప్పింది.

ఈ యేడు మేం పోయిన తోట అడివి అంచున ఉంటది. గట్టు దాటితే ఇగ చెట్లే. పక్క తోటల అడివి ఊళ్ల ఆడోళ్లు కోయ భాషల నవ్వుకుంట అప్పటికే పనిల వంగి ఉన్నరు. మా ముఠాకు మేస్త్రి గూడ ఆడమనిషే. కోడలుగ మా ఊరికొచ్చిన కొత్తల్ల ఆమెను తోటకు తీస్కపోయింది నేనే. అత్తా అని పిలుస్తది. ఆటో దిగంగనే అందరికి సాళ్లు చూపించుకుంట వచ్చింది. మా కాడ పద్ధతేందంటే, సాలు మొదట్ల గంప పెట్టాలె. పెట్టినమా, ఇగ ఆ సాలు చివరిదాక ఆమెదే. ఇంకోలు చెయ్యి పెట్టరు. నేను గూడ గంప పెట్టబోయిన.

"అత్తా, నువ్వు కల్లంల కూసో. తాలు ఏరు. నీడున్నది" అన్నది మేస్త్రి, నా మొఖం దిక్కు చూడకుంట.

ముందు తెంపిన కాయ కల్లంల పట్టాల మీద ఎండబోసిన్రు. అండ్ల తెల్లబడ్డ తాలుకాయ ఏరి పక్కకేసే పని అది. నడుము పోయినోళ్లకు, మోకాళ్లు పోయినోళ్లకు ఇస్తరు.

"ఏందే, నాకేమైంది?" అన్న.

"ఏంగాలే అత్తా. ఏరరాదు, ఏమైతది?"

అందరి ముందల లొల్లి ఎందుకని పోయిన. కల్లంల మా వాడకట్టామెనే ఒకామె ఉన్నది, నాకన్న పెద్దది. కాళ్లు చాపుకొని, తమలపాకు నములుకుంట, మారాణి తీరుగ తాలు ఏరుతుంది. నేను కూసున్న. లేసిన. కుప్ప ఆ దిక్కు కూసున్న. మళ్ల లేసిన. నా చేతులు ఏరుతున్నయి గని కండ్లు తోట దిక్కే ఉన్నయి. అక్కడోళ్లు నవ్వుడు ఇనపడుతుంది. దేనికి నవ్విన్రో తెలుస్తలేదు. అది తెలువకపోవుడే పెద్ద బాధ నాకు.

"నీ బిడ్డ బంగారమే" అన్నది ఆమె ఉన్నట్టుండి. "మా అమ్మకు సాలియ్యకు అక్కా అని నిన్న మేస్త్రికి ఫోన్ చేసి బతిమాలిందంట. నా కోడలుంది, నేను చచ్చినా ఫోన్ చెయ్యది."

ఓయమ్మ! ఒళ్లంత మండింది. నన్ను కన్నట్టు మాట్లాడుడేంది ఈ పోరి? నేనేమన్న చిన్నపిల్లనా, బడికి పంపొద్దని టీచరుకు చెప్పనీకె? కల్లం పని తక్కువదని నేనంటలే. ఈ పెద్దామె తనంతట తాను కూసుంది, నన్ను కూసోబెట్టిన్రు. ఇవ్వాళ కూసుంటే రేపు ఆటోల జాగ ఉండది. ఎల్లుండి హారన్ గూడ కొట్టరు.

గంప తీసుకొని సక్కగ తోటలకు నడిచిన. గట్టు పొంటి ఒక్క సాలు మిగిలి ఉండె. ఎవలను అడగలే. మొదట్ల గంప పెట్టిన, వంగిన. అప్పటికే అందరు నడిమిదాక పోయిన్రు.

ఇంకో పద్ధతి గూడ చెప్పాలె. ఎవలన్న ఎనకబడితే, ముందు అయిపోయినామె ఆ చివర నుంచి ఎదురు తెంపుకుంట వస్తది. నెలలు నిండినోళ్లకు, జ్వరం మీద వచ్చినోళ్లకు గట్ల చేస్తం. నేనెంతమందికి ఎదురొచ్చిననో! మంచి పద్ధతే. గని ఇవ్వాళ నాకు ఎవలన్న ఎదురొస్తే, ఇగ నా పని అయిపోయినట్టే. రేపటి సంది కల్లమే.

గందుకే ఉరికిన. చేతులు ఉరికినయి. పచ్చిది, పండుది చూస్తలేను. గంపల చూసుకుంటే సగం ఎర్ర, సగం పచ్చ. తూ, నా పాడుగాను! కొత్త కోడండ్లు చేసే పని ఇది. పచ్చికాయ కల్లంలకు పోతే తాలైతదని నేనే అందరికి చెప్తుంట. ఆగిన, నీళ్లు తాగిన. ఈసారి పండు చూసి, తొడిమె పట్టి, నిమ్మలంగ తెంపిన. నిమ్మలంగ చేస్తే ఇంకింత ఎనకబడతనని తెలుసు. ఘాటుకు దగ్గు, నడుముల ఎవలో సుత్తెతోని కొట్టినట్టు నొప్పి.

తలెత్తితే అందరి సాళ్లు అయిపోయినయి. మేస్త్రి నా సాలు చివర నిలబడి ఉన్నది. వంగబోయింది.

"చెయ్యి పెట్టినవంటే చెప్తున్న! ఇది నా సాలు!" అని ఒర్లిన. పక్క తోటోళ్లు గూడ తిరిగి చూసిన్రు.

మేస్త్రి వంగలే. పోయి గట్టు మీద కూసుంది. ఆమె కూసుంటే అందరు కూసున్నరు. సీసాలు తీసిన్రు, నీళ్లు తాగిన్రు. అందరం చివరికి చేరందే కొత్త సాళ్లు పట్టం మేము. అంటే నా ఒక్కదాని కోసం ముఠా అంత పని ఆపుకున్నట్టు. ఎదురొచ్చినా బాగుండు అనిపించింది ఒక గడియ, అబద్ధమెందుకు! అంతమంది కండ్ల ముందల ఒక్కొక్క చెట్టు దాటుడు ఎట్లుంటదో దాటినోళ్లకే ఎరుక.

"అత్తా, పెండ్లిపిల్ల నడక నడుస్తున్నవేంది? జల్దీ రా, ఆకలైతుంది" అన్నది ఒక కోతిముండ.

"తినండ్రే! నేనేమన్న మీ నోరు పట్టుకున్ననా?" అన్న. ఎవలూ గిన్నె ఇప్పలే.

సాలు అయిపోయింది. నడుము ఎత్తంగనే ఏడుపొచ్చింది. ఘాటు అన్న. అవ్ అత్తా, మస్తు ఘాటున్నదన్నరు. సద్దులు తిన్నం. మేస్త్రి కొత్త సాళ్ల కాడికి పోయి, "నీ గంప ఏడ పెడతవో పెట్టు" అన్నది.

పొద్దుగూకి బిడ్డ బస్సు దిగి వచ్చేటాలకు నేను వాకిట్లనే నిలబడి ఉన్న. చెప్పులు గూడ ఇడవనియ్యలే. "నా గురించి మేస్త్రికి చెప్తవా? నేను నీ డాక్టరుకు ఫోన్ చేసి నా బిడ్డకు డ్యూటీ ఇయ్యొద్దు, కాళ్లు నొస్తున్నయని చెప్పిన్నా ఎప్పుడన్న?"

బిడ్డ లోపలికి పోయి మందు డబ్బా తెచ్చింది. నన్ను బోర్ల పండుకోబెట్టి నడుముకు రుద్దింది.

"నొస్తుందా?"

"నొస్తుంది."

"రేపు పోతవా?"

"పోత."

ఆమె చెయ్యి ఆగింది. ఇగ లొల్లి మొదలైతదనుకున్న. డబ్బా మూత పెట్టుకుంట అన్నది. "ఏన్కూరు దిక్కు నుంచి అంబులెన్సు వచ్చిందంటే, లోపల ఎవలున్నరో చూసేదాక నాకు ఊపిరాడదమ్మా. నువ్వేనేమో అని."

మేస్త్రికి ఫోన్ చేసే బదులు ఆ మాట నాకే చెప్పకపోతివి బిడ్డా అని మనసుల అనుకున్న. తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్న. నా చేతులు ఇంక మండుతనే ఉన్నయి, ఆమెకు గూడ మండే ఉంటది, గుంజుకోలే. చాన ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన. ఈసారి ఘాటు అనలే.

పోనని మాత్రం అనలే.