సెలవు పేజీకి దొరకని పై అధికారి

మొన్న మా సొసైటీ లిఫ్టులో పైకి వస్తుంటే, ఎదురింటి తెలుగువాళ్ళ అమ్మాయి ఫోను మీద ఏదో నొక్కి, మా అంతస్తు వచ్చేలోగానే "అంకుల్, ఛుట్టీ మిల్ గయీ!" అంటూ గెంతినంత పని చేసింది, ఆఫీసులో సెలవు దొరికిందట. తాళం తీసి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక, ఒకప్పుడు సెలవు దొరకడమంటే ఎంత తతంగమో గుర్తుకొచ్చింది. మన తరం వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదనుకోండి.

అప్పట్లో నేను నోయిడాలో ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేసేవాణ్ణి. విభాగమంటే నలుగురు ఉంటారనుకునేరు, బేస్‌మెంట్‌లో ఒక గది, అందులో వణికించే ఏసీ, నేను, అంతే. ఢిల్లీ జియా సరాయ్‌లో పోటీ పరీక్షల పిల్లల మధ్య అద్దెకుంటూ, పొద్దున చార్టర్డ్ బస్సులో వచ్చి సాయంత్రం అదే బస్సులో వెళ్ళేవాణ్ణి. ఫోను మోగిందంటే ఎక్కడో ఏదో చెడిందని అర్థం, నా కోసమని ఫోను చేసేవాళ్ళెవరూ లేరు.

ఉద్యోగులందరి వివరాలూ ఒక సర్వర్‌లో చెట్టు కొమ్మల్లా విభాగాల వారీగా ఉండేవి, దాన్ని డైరెక్టరీ అనేవాళ్ళం. కాగితం మీద సెలవు చీటీలు మాన్పించి కొత్తగా వెబ్ పేజీ పెట్టారు. ఎవరైనా సెలవు అడిగితే, ఆ మనిషికి పై అధికారి ఎవరో ఆ పేజీ డైరెక్టరీని అడిగి తెలుసుకుని, ఆ అధికారికి కబురు పంపాలి.

ఒకరోజు గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు ఒకావిడ, నేను తెలుగువాణ్ణని ఎవరో చెబితే, మెట్లు దిగి వచ్చింది. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న కొడుక్కి కంటి ఆపరేషన్, మర్నాడే రైలు, పేజీ మాత్రం కదలడం లేదు.

"వందనాలండీ అన్నయ్యగారూ. కొత్త మేట్రనమ్మ పొద్దుట్నుంచీ నన్ను తిడతానే ఉందండీ, ఈ కంప్యూటరేమో నీకు పై అధికారే లేదంటంది. బాబు కంటికి కట్టు విప్పేటప్పటికి నేనక్కడ లేకపోతే ఎట్టాగండీ?" అంటూ ఏడ్చేసింది. ఢిల్లీలో నా ఎదుట ఒక మనిషి తెలుగులో ఏడవడం అదే మొదలు.

పేజీ తయారుచేసిన వాళ్ళను అడిగితే తప్పు సర్వర్‌దన్నారు, సర్వర్ వాళ్ళు పేజీదన్నారు. చివరికి పేజీ అడిగే ప్రశ్ననే నేను స్వయంగా డైరెక్టరీకి వేసి చూశాను. అది బుద్ధిగానే జవాబిచ్చింది, ఈవిడ పై అధికారి ఫలానా అని. ఆ ఫలానా మేట్రన్ రిటైరైపోయింది, ఆమె వివరాలు రిటైరైనవాళ్ళ కొమ్మలోకి మారాయి, పేజీ వెతికేదేమో పనిలో ఉన్నవాళ్ళ కొమ్మలోనే. పాత పేరు తీసి కొత్త మేట్రన్ పేరు పెట్టాను. ఆ మేట్రన్ సణుగుతూనే సెలవు మంజూరు చేసింది.

ఇంకా ఎవరికైనా ఇలా ఉందేమోనని నా పేరుతోనూ సెలవు అడిగి చూశాను. నాకూ అదే జవాబు, పై అధికారి కనబడలేదని. నా అధికారి ఎప్పుడో వేరే ఊరికి బదిలీ అయ్యాడు, అప్పటి నుంచీ నేను ఎవరి కిందా లేను. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే నేనెప్పుడూ సెలవు అడగలేదు. నా కోసం ఎదురుచూసే ఊరేదీ లేదు మరి. నేనెవరి కింద పనిచేస్తున్నానని పరిపాలన విభాగానికి ఫోను చేస్తే, "ఆప్ కౌన్ సే డిపార్ట్‌మెంట్ సే, భయ్యా?" అని, నాదే విభాగమో నన్నే అడిగారు.

నన్నెన్నడూ చూడని అధికారి పేరొకటి చెప్పారు. అది ఎక్కించి, పనిచేస్తోందో లేదోనని ఒక్కరోజు సెలవు అడిగితే, వెంటనే మంజూరైంది. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికి వెళ్ళాలో తోచక, ఎప్పటి బస్సే ఎక్కి ఆసుపత్రికి వెళ్ళి నా గదిలో కూర్చున్నాను.

ఆ నర్సు ఊరినుంచి రాగానే మళ్ళీ దిగి వచ్చింది. మళ్ళీ ఏం చెడిందోనని కీబోర్డు దగ్గరకి లాక్కున్నాను. ఏమీ చెడలేదట, బాబుకి చూపు బాగుందని చెప్పడానికి వచ్చిందట. కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అన్నీ వాటంతట అవే సర్దుకుంటున్నాయి, ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్ళి బతిమాలక్కర్లేదు. మంచిదే, కాదనను. కానీ ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ పనీ లేకుండా నా గదికి వచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే, ఆ రోజు ఆ పేజీ సరిగ్గా పనిచేసి ఉంటే ఆవిడ కూడా వచ్చి ఉండేది కాదు.