నడుందాకా మాస్టారు

మాస్టారి బొమ్మల్లో ఎవరికీ కాళ్ళుండవు.

ముఖం ఉంటుంది. ఆ ముఖం చూస్తే మనిషి చిన్నప్పుడు బళ్ళో ఎవరి పెన్సిలు కాజేశాడో కూడా తెలిసిపోతుంది. మెడ ఉంటుంది. పొట్ట ఉంటుంది. చేతులుంటాయి, అవి ఎవరి జేబులో ఉన్నాయో కూడా కనిపిస్తుంది. నడుం దాకా వచ్చాక కుంచె ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒక బల్ల మొదలవుతుంది. బల్ల లేకపోతే గడ్డి. గడ్డి లేకపోతే పొగమంచు.

పత్రికాఫీసులో ఆయన్ని నడుందాకా మాస్టారు అనేవాళ్ళు. ఎదురుగా ఉన్నప్పుడు మాస్టారు అని ఊరుకునేవాళ్ళు. ఆయన రెండు పేర్లకీ పలికేవాడు.

ఆ పత్రిక సంపాదకుడికి మాత్రం ఇది నిజంగానే తలనొప్పి. సాయంత్రం మాస్టారు బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టే వేళకి ఎడమ కణత దగ్గర ఒక నరం టకటకా కొట్టుకోవడం మొదలెట్టేది.

ఊళ్ళో కుళాయిలు ఎండిపోయాయి. మాస్టారు కుళాయి గీశాడు. దాని ముందు బిందెలు గీశాడు. బిందెల మీద బిందెలు, వాటి వెనకాల జనం తలలు.

"ఇన్ని బిందెలెందుకు మాస్టారూ?"

"కరువు కదండీ. ఉన్న బిందెలన్నీ తెచ్చుకుంటారు."

ధరలు పెరిగాయి. కూరగాయల కుప్ప వెనకాల ఒక ఇల్లాలు, ఆవిడ కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ధరలు పెరిగితే కుప్ప ఇంత ఉంటుందా?"

"కొనేవాళ్ళు లేరు కదండీ, మిగిలిపోయింది."

దేనికైనా జవాబుండేది. అందుకే సంపాదకుడికి ఇంకా మండేది.

వరదలు వస్తే మాస్టారికి పండగ. మంత్రులూ, అధికారులూ, బాధితులూ, బాధితుల్ని పలకరించడానికి వచ్చినవాళ్ళూ, అందరూ నడుం లోతు నీళ్ళలో. ఊరంతా బట్టలు పిండుకుంటుంటే ఆయన ఈల వేసుకుంటూ గీసేవాడు. ప్రూఫులు దిద్దే పెద్దక్క కళ్ళజోడు మీంచి చూసి, "ఈయన వానలకి మొక్కుకుంటున్నాడేమో కనుక్కోండి" అనేది.

ఒక ఏడాది దేశం ఫుట్‌బాల్ పోటీలో ఆఖరి ఆట దాకా వచ్చింది. ఆ రోజు సంపాదకుడు లోలోపల సంబరపడ్డాడు. కాళ్ళు లేకుండా ఫుట్‌బాల్ ఎలా గీస్తాడో చూద్దాం అనుకున్నాడు. సాయంత్రం బొమ్మ వచ్చింది. మైదానంలో గడ్డి ఛాతీ ఎత్తున పెరిగి ఉంది. ఆటగాళ్ళు అందులో దిగి బంతి కోసం వెతుక్కుంటున్నారు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని దారి తప్పాడు.

మర్నాడు పురపాలక సంఘం అధికారి ఫోను.

"సార్, మైదానంలో గడ్డి మొత్తం కోయించేశామండీ. ఇక ఆ బొమ్మ వెయ్యకండి."

"మేము గడ్డి గురించి రాయలేదయ్యా!"

"అయ్యో, అర్థమైందండీ. ఆసుపత్రి వెనకాలది కూడా కోయించేస్తాం."

పాఠకులు కూడా ఊరుకునేవాళ్ళు కారు. "మీ పత్రికలో చెప్పుల ప్రకటన వేశారు, ఎవరి కోసమండీ?" అని ఒకాయన ఫోను చేసి అడిగాడు. సంపాదకుడు ఇంటికెళ్ళి ఇది చెప్పుకుంటే భార్య అన్నం వడ్డిస్తూ, "ఆయనకి కాళ్ళు రావు, మీకు చిన్న వాక్యం రాదు. దేశం నడుస్తూనే ఉంది కదా" అంది.

మాస్టారి చేతిలో అందరికంటే ఎక్కువ నలిగింది దేశాన్ని ఏలే పెద్దాయన. పెద్దాయన హామీలు బుడగలుగా అమ్ముతాడు, కొన్న పిల్లల చేతిలో దారం మిగులుతుంది. పెద్దాయన దర్జీ అవుతాడు, దేశానికంతా కొలతలు తీసుకుంటాడు, గుడ్డ మాత్రం లేదంటాడు. పెద్దాయన రోజూ ఏదో ఒక బల్ల వెనకాల, కారు తలుపు వెనకాల, మైకుల పొద వెనకాల దొరికిపోతూ ఉండేవాడు. మాస్టారు జాలి చూపేవాడు కాదు. మర్నాడు జనం ఆ బొమ్మ చూసి నవ్వుకున్నాకే పనిలోకి దిగేవాళ్ళు.

ఒకసారి సంపాదకుడు తెగించాడు. మధ్యాహ్నం గది తలుపు వేసి, బూట్లు విప్పి, మేజోళ్ళు తీసి, రెండు కాళ్ళూ బల్ల మీద పెట్టాడు.

"ఇవి కాళ్ళు. చూడండి. గీయండి."

మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకుని శ్రద్ధగా చూశాడు.

"ఆ రెండో వేలు చూడకండి" అన్నాడు సంపాదకుడు, కాలు కొంచెం వెనక్కి లాక్కుంటూ. ఆ వేలు బొటనవేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంటుంది. "చిన్నప్పుడు తలుపు సందులో పడింది. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు."

"ఏ వేలండీ?" అన్నాడు మాస్టారు, అప్పటిదాకా దాన్నే చూస్తూ.

చాలాసేపు గీశాడు. కాగితం తిప్పి చూపించాడు. రెండు వంకాయలు.

"ఇవేంటి?"

"మీ కాళ్ళేనండీ."

అప్పుడే పెద్దక్క ప్రూఫు కాగితాలతో తలుపు తోసుకుని వచ్చింది. బల్ల మీది కాళ్ళు చూసింది. కాగితం మీది వంకాయలు చూసింది. "ఇవాళ ఎడిటోరియల్ కాలితో రాస్తున్నారా? అందుకే కాస్త బాగుంది" అని కాగితాలు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సంపాదకుడు ఆశ వదులుకున్నాడు. అలాగే కాలం గడిచిపోయేది, పెద్దాయన కొత్త రోడ్డు ప్రారంభించడానికి రాకపోయి ఉంటే.

పెద్దాయన రిబ్బను కత్తిరించాడు. చప్పట్లు కొట్టారు. రెండడుగులు ముందుకు వేశాడు. గుత్తేదారు ఆ సిమెంటు ఆ రోజు తెల్లవారుజామునే పోయించాడట. పెద్దాయన బూట్లు అందులో దిగబడ్డాయి. దిగబడినట్టు తెలియక ఆయన, "ఇది చిరకాలం నిలిచే రోడ్డు" అని ఉపన్యాసం మొదలెట్టాడు. చివర్లో కదలబోతే కదలిక లేదు. అంగరక్షకులు మనిషిని ఎత్తి కార్లో పెట్టారు. బూట్లు రోడ్డులో ఉండిపోయాయి. ఫొటోలు తీసేవాళ్ళని ముందే అవతలికి నెట్టేశారు. తర్వాత గునపం తెచ్చి బూట్లని పెకలించి, కోటులో చుట్టి పట్టుకుపోయారు.

"బూట్లకి కూడా బందోబస్తా!" అంది పెద్దక్క.

ఆఫీసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. సిరా బుడ్డి మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

పత్రిక యజమాని ఫోను వెంటనే వచ్చింది.

"ఫొటో ఎవరి దగ్గరా లేదు. రేపు దేశమంతా మన బొమ్మే చూడాలి. మొదటి పేజీలో, పెద్దది. బూట్లు, కాళ్ళు, అన్నీ కనబడాలి."

"ఆయనకి కాళ్ళు..."

"కాళ్ళు గీసే కుర్రాడు ఒకడు నా దగ్గర కూర్చుని ఉన్నాడు. గోళ్ళతో సహా గీస్తాడు. రేపు కాళ్ళు లేకపోతే ఎల్లుండి నుంచి మాస్టారి కుర్చీలో వాడు కూర్చుంటాడు."

సంపాదకుడు ఫోను పెట్టేసి మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళాడు. కిటికీ పక్కన బల్ల. కుర్చీకి ఒక చెయ్యి ఊడిపోతే తాడుతో కట్టుకుని ఏళ్ళ తరబడి అందులోనే కూర్చుంటున్నాడు. కొత్త కుర్చీ ఇస్తామంటే వద్దన్నాడు. ఆ కుర్చీలో తప్ప ఈ మనిషి ఇంకెక్కడా కుదురుగా కూర్చోలేడని సంపాదకుడికి తెలుసు. ఆయన లేకపోతే తనకీ సాయంత్రాలు తోచవని ఆ క్షణాన తెలిసింది.

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్కసారికి కాళ్ళు గీయండి. వంకాయలైనా సరే. కింద 'కాళ్ళు' అని రాసుకుందాం."

"యజమాని గారు ఏమన్నారు?"

సంపాదకుడు చెప్పాడు. మాస్టారు కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"కుర్రాడికి ఆ కుర్చీ చెయ్యి జాగ్రత్త అని చెప్పండి" అన్నాడు. "ఎడమవైపు ఆనుకుంటే పడిపోతాడు."

"అంటే గీయరా?"

"గీస్తానండీ. చూద్దాం."

బొమ్మ వచ్చేటప్పటికి ప్రెస్సు వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. సంపాదకుడు ఒక కన్ను మూసుకుని చూశాడు.

కొత్త రోడ్డు. రోడ్డు మధ్యలో పెద్దాయన, గుండెల దాకా సిమెంట్లో. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో మైకు. పక్కన గుత్తేదారు తాపీతో ఆయన చంక కింద సిమెంటు నునుపు చేస్తున్నాడు. పెద్దాయన చిరునవ్వుతో అంటున్నాడు: "ఈ రోడ్డు మీద నాకు గట్టి నమ్మకం. ఇక్కణ్ణించి కదలను."

సంపాదకుడు నవ్వాడు. ఆపుకోలేక కూర్చున్నాడు. కూర్చున్నాక యజమాని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. కానీ మార్చే వేళ దాటిపోయింది.

మర్నాడు పత్రికలు చాల్లేదు. రెండోసారి అచ్చు వేశారు. యజమాని ఫోను చేశాడు.

"బొమ్మలో కాళ్ళు లేవేమయ్యా?"

సంపాదకుడు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "సిమెంట్లో ఉన్నాయండీ."

అవతల పేజీ విప్పిన చప్పుడైంది. "ఆ... అవును కదా" అన్నాడు యజమాని. "అయితే సరే. కుర్రాణ్ణి పంపించేస్తాను."

నరం కొట్టుకోవడం ఆగింది. సరిగ్గా అప్పుడే ఇంకో ఫోను మోగింది. పెద్దాయన బంగళా నుంచి. బొమ్మ గీసినాయన్ని వెంటబెట్టుకుని సాయంత్రం రావాలట.

పెద్దక్క ప్రూఫులు పక్కన పెట్టింది. "బట్టలు సర్దుకు వెళ్ళండి. లోపల ఇస్తారో ఇవ్వరో."

"చొక్కాలు చాలక్కా" అన్నాడు మాస్టారు. "నాకు నడుం దాకానే కదా."

బంగళాలో వాళ్ళని ఒక పొడవాటి గదిలో కూర్చోబెట్టారు. ఈ చివర రెండు కుర్చీలు, ఆ చివర తలుపు, మధ్యలో తివాచీ. సంపాదకుడు మనసులో క్షమాపణ రాసుకుంటున్నాడు. అందులో కూడా వాక్యాలు పొడుగ్గా వస్తున్నాయి.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన ఒక్కడే వచ్చాడు. కాళ్ళకి ఏమీ లేవు.

సంపాదకుడు ఆయన్ని ఎన్నో సభల్లో చూశాడు. ఎప్పుడు చూసినా అప్పటికే నిలబడో, కూర్చునో ఉండేవాడు. ఇంత దూరం నడవడం ఎప్పుడూ చూడలేదు. ఒక పాదం చిన్నది. లోపలికి తిరిగి, వేళ్ళు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. అడుగడుక్కీ ఆ వైపు భుజం కిందికి దిగి పైకి లేస్తోంది. బూట్లని కోటులో చుట్టి ఎందుకు పట్టుకుపోయారో సంపాదకుడికి అప్పుడు తెలిసింది. ఒక బూటు అడుగు రెండోదానికంటే మందంగా ఉండి ఉంటుంది. సంపాదకుడు తివాచీ వైపు చూస్తూ ఉండిపోయాడు. అందులో ఆయనకి బిందెలు కనిపించాయి. గడ్డి కనిపించింది. పొగమంచు కనిపించింది.

పెద్దాయన కూర్చున్నాడు. మాస్టారి వైపు చూశాడు.

"నన్ను అబద్ధాలకోరన్నావు."

"అవునండీ."

"దొంగలకి గొడుగు పట్టానన్నావు."

"గొడుగు కాదండీ, పందిరి వేశాను."

"ఇవాళ పీకల దాకా పాతిపెట్టావు."

"గుండెల దాకానండీ. పీకల దాకా పాతితే ఉపన్యాసం వినబడదు."

పెద్దాయన మీసం కొంచెం కదిలింది.

"ఇన్నేళ్ళలో నా కాళ్ళు ఎప్పుడూ గీయలేదేం?"

"నాకు కాళ్ళు గీయడం రాదండీ."

పెద్దాయన సంపాదకుడి వైపు తిరిగాడు. "నిజమేనా?"

సంపాదకుడు నిటారుగా కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి చిన్న వాక్యాలు వచ్చాయి.

"పచ్చి నిజమండీ. చేతకాదు. నా కాళ్ళే చూపించి నేర్పించాను. వంకాయలు గీశాడు. ఆ వంకాయలు కూడా కుదర్లేదు."

పెద్దాయన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వాడు. మాస్టారి బొమ్మల్లో ఎప్పుడూ లేని నవ్వు.

"అయితే ఇక నేర్పించకండి" అన్నాడు.

"చిత్తం."

"రోడ్డు మాత్రం మళ్ళీ వేయించండి" అన్నాడు మాస్టారు, లేస్తూ. "లేకపోతే వచ్చే వారం పీకల దాకా వస్తుంది."

తిరిగి వచ్చేటప్పుడు వాన. కారు అద్దాలకి ఆవిరి పట్టింది. చాలా దూరం వచ్చాక సంపాదకుడు అడిగాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"మొదట్లోనే. దూరం నుంచి చూసి గీశాను, పూర్తి మనిషిని. చెయ్యి దానంతట అది పాదం కూడా గీసేసింది. ఆ బొమ్మ చూస్తే చాలా నవ్వొచ్చింది. చింపేశాను."

"ఎందుకు?"

"రోడ్డు ఆయన చేసిందండీ. కాలు ఆయన చేసుకున్నది కాదు కదా."

"ఆయన ఒక్కడికే కాళ్ళు తీసేస్తే పోయేది."

"ఒక్కడికే తీసేస్తే అందరూ అక్కడే చూస్తారు."

"అందుకని దేశం మొత్తానికీ తీసేశారా?"

"అందరినీ సమానంగా చూస్తానని ఆయన హామీ ఇచ్చాడు. అదొక్కటీ నేను నెరవేర్చాను."

సంపాదకుడు నవ్వి, నవ్వు ఆపి, అనుమానంగా చూశాడు. "మాస్టారూ, ఇంతకీ మీకు కాళ్ళు గీయడం వచ్చా, రాదా?"

మాస్టారు చూపుడువేలితో ఆవిరి పట్టిన అద్దం మీద గీశాడు. గీత ఎక్కడా ఆగలేదు. రెండు పాదాలు, బల్ల అంచు మీద పెట్టినవి. చీలమండ మీద మేజోడు బిగుసుకున్న అచ్చు. బొటనవేలి గోటి మూలన చిన్న చీలిక. మడమ పక్కన పుట్టుమచ్చ. సంపాదకుడికి తన కాళ్ళు అద్దంలో చూసుకున్నట్టుంది.

వంగి చూశాడు. అంతా అలాగే ఉంది. రెండో వేలు మాత్రం బొటనవేలి పక్కన బుద్ధిగా, నిటారుగా ఉంది.

"ఆ వేలు తప్పు మాస్టారూ" అన్నాడు మెల్లిగా.

మాస్టారు చొక్కా చేతితో అద్దం తుడిచేశాడు.

"చెబుతూనే ఉన్నాను కదండీ, నాకు కాళ్ళు గీయడం రాదని."