నిమిషానికి ఇరవై చుక్కలు

పడవ మమ్మల్ని తుఫాను షెల్టరు మెట్ల దగ్గర దించింది. కింది మెట్లు నీళ్లలో ఉన్నాయి. దివిసీమలో, నాగాయలంక రోడ్డుకు దక్షిణంగా ఉన్న రెండంతస్తుల భవనం అది. చుట్టూ వరిచేలు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు. వాన వెలిసింది. గాలి లేదు. ఉక్క.

మాది సైన్యపు వైద్య బృందం. వరద సహాయ డ్యూటీ. నేను నర్సింగ్ అసిస్టెంటును. దించిన సామాను: సెలైన్ పెట్టెలు, ఐవీ సెట్లు, మందుల ట్రంకు, ఒక ఆక్సిజన్ సిలిండరు, రేడియో. అంతకు ముందు నేను పనిచేసింది మంచుకొండల్లో. అక్కడ సెలైన్ గడ్డకట్టకుండా బాటిల్‌ని చొక్కా లోపల పెట్టుకునేవాళ్లం. ఇక్కడ ఆ అవసరం లేదనుకుని కొంత తేలికపడ్డాను.

మాది గుడివాడ. బృందంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే కెప్టెన్ డాక్టరు మేడమ్ మొదటి ఆర్డరు నాకే ఇచ్చారు.

"సూది పని నీదే. మాట పనీ నీదే."

రేడియో ఆపరేటరు పంజాబీ. నీళ్లవైపు చూసి నవ్వాడు. "మీ ఊరు తీసుకెళ్లి చేపల పులుసు పెడతానన్నావు కదా. చేపలే మన దగ్గరికి వచ్చేశాయి."

స్టాండ్లు లేవు. కిటికీ ఊచలకు తాళ్లు కట్టి బాటిళ్లు వేలాడదీశాం. పద్ధతి మాత్రం మార్చలేదు. రోగి పేరు రోగి నోటితోనే చెప్పించడం. మందు పేరు, గడువు, మోతాదు పైకి చదవడం. నరంలోకా కండలోకా, ఏ దారిన ఎక్కించాలి, ఏ వేళకు ఎక్కించాలి అని చూసుకోవడం. ప్రతి బాటిల్‌కీ పొడవునా తెల్ల ప్లాస్టర్ అతికించి గంటల గీతలు గీయడం. ఏ గంటకు నీరు ఏ గీత దగ్గర ఉండాలో దూరం నుంచే తెలుస్తుంది.

మూడో రోజు ఉదయం ఒక రైతు భార్యను తీసుకొచ్చాడు. వాంతులు, విరేచనాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ పెట్టిన సెలైన్ బాటిల్ అతని చేతిలోనే ఉంది, తలకంటే ఎత్తున. అది అప్పటికే దాదాపు ఖాళీ.

"చెయ్యి దించండి బాబాయ్. నేను కడతాను."

"దించితే రగతం ఎనక్కొచ్చుద్దన్నాడు బాబూ మా ఆర్‌ఎంపీ. ఇంటికాడ్నించీ దించలా."

అంత నీరసంలోనూ ఆమె నవ్వింది. "ఈయనంతే బాబూ. తూము కాడ నిలబడ్డా ఇంతే. అన్నానికి పిలిచినా కదలడు."

"మాది శివారు కదండీ," అన్నాడతను, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "కాలవ చివర. పై ఊళ్లన్నీ తాగాక మాకు. వంతొచ్చిన పూట తూము బార్లా తీసేసుకోవాలి. ఆలిస్యం చేస్తే పైవోళ్లు కట్టేసుకుంటారు. ఇప్పుడు చూడండి, అడక్కుండానే ఎలా వచ్చిందో."

మేడమ్ ఆమె గుండెమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. పాత జబ్బులు అడగమన్నారు. అడిగాను.

"గుండెలో వాల్వు బిగిసిందన్నారు బాబూ బందర్లో. మాత్రలిచ్చారు. మాత్రలు వరదలో పోయినాయ్."

ఓఆర్‌ఎస్ తాగితే కడుపులో ఆగడం లేదు. సెలైన్ తప్పదు, ఎక్కువా పనికిరాదు. మేడమ్ ఆర్డరు: అర లీటరు, ఎనిమిది గంటలు, నిమిషానికి ఇరవై చుక్కలు. గొట్టం మీద చుక్కల వేగాన్ని సరిచేసే చిన్న చక్రం ఉంటుంది. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి, ఆ చక్రాన్ని అక్కడ నిలిపాను.

"ఈ చక్రం ముట్టుకోకండి బాబాయ్."

"ఇంత నిదానమా బాబూ? చీమ నడిచినట్టుంది."

"నిదానంగానే ఎక్కాలండీ. పిన్నిగారి గుండె ఎక్కువ నీళ్లు తట్టుకోలేదు."

"అలాగే," అన్నాడు. చుక్కలవైపే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రేడియో ఆపరేటరు మెట్ల మీది నుంచి కేకేశాడు. "రెండు పడవలు! పడుకున్నవాళ్లు చాలామంది. నర్సింగ్, కిందికి!"

స్ట్రెచర్లు మోశాం. గది నిండిపోయింది. వచ్చినవాళ్లను వరండాలో చాపల మీద పడుకోబెట్టాం. "మాకు మంచమెప్పుడిస్తారండీ?" అని ఒకరి తరవాత ఒకరు అడుగుతున్నారు. "బాటిల్ అయినవాళ్లు లేవగానే," అని జవాబు చెబుతున్నాను. ఆ మాట గదిలోకి వినపడుతూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి కిటికీ ఊచకున్న బాటిల్ ఖాళీ అయి చొట్టపోయి ఉంది. నీరు ప్లాస్టర్ మీది రెండో గీత కూడా దాటకూడని వేళ అది. ఆమె మంచం అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి గాలి కోసం ఎగబీలుస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నోటి చివర గులాబీ రంగు నురగ.

అతను సంతోషంగా చూశాడు. "మొత్తం ఎక్కింది బాబూ. సుక్క కూడా వదల్లా. బయట అంతమంది ఉన్నారు కదా, మన వంతు అయిపోయిందని తీసేత్తారేమోనని తిప్పేశా. ఎక్కాకే దానికి కొంచెం ఆయాసం వచ్చింది. తగ్గుద్దిలే."

చక్రం మూశాను. మేడమ్ పరుగున వచ్చారు.

"కూర్చోబెట్టే ఉంచు. కాళ్లు కిందికి. ఆక్సిజన్. ఫ్యూరోసెమైడ్."

ఒంట్లో నీరు లాగేసే మందు అది. ఆ తొందరలోనూ ఆంప్యూల్ మీది పేరు, మోతాదు పైకి చదివాను. మేడమ్ తలూపాకే ఇచ్చాను. ఇంజెక్షన్ సరైనదే. మోతాదూ సరైనదే.

ఆపరేటరు రేడియో అందుకున్నాడు. "ఒక సీరియస్. పడవ కావాలి, కరకట్ట మీద అంబులెన్స్ కావాలి. ఓవర్."

"పడవ దారిలో ఉంది. ఓవర్."

పడవలో ఆమెను నా ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా ఆమె వీపులోంచి గురగుర నా ఛాతీకి తగిలేది. కరకట్ట కనబడుతుండగా ఆ గురగుర ఆగింది. పడుకోబెట్టి, గట్టు చేరేదాకా మేడమూ నేనూ మార్చి మార్చి గుండె నొక్కాం. గట్టు మీద కూడా నొక్కాం. ఊపిరి తిరిగి రాలేదు.

మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "అతను అడుగుతాడు. నిజమే చెప్పు. తప్పు చేశావని మాత్రం అనకు."

అతను అడిగాడు. చెప్పాను. నీళ్లు చాలా తొందరగా ఎక్కాయని, జబ్బు గుండె వాటిని ముందుకు తోయలేకపోయిందని, ఊపిరితిత్తులు నీటితో నిండాయని. అతను కరకట్టకు అవతల, చేను ఉండాల్సిన వైపు చూశాడు.

"నీళ్లెక్కువైతే మనిషి కూడా మునుగుద్దా బాబూ?"

"మునుగుతారు బాబాయ్."



నీళ్లు తీశాక గుడివాడ మీదుగా రైల్లో తిరిగి యూనిట్‌కు వెళ్లాం. గుడివాడ స్టేషన్‌లో మా అమ్మ క్యారేజీ తెచ్చింది. చేపల పులుసే. ఆపరేటరు తిన్నాడు. నేను తినలేకపోయాను.

సర్వీసు ముగించుకుని వచ్చాక ఇప్పుడు బందరులో నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. చుక్కల లెక్క వాళ్లకు ఒక పూటలో వస్తుంది. రెండో పూట రోగి పక్కన కూర్చునే మనిషి గురించి చెబుతాను. ఆ మనిషి పని ఏమిటో కనుక్కోండి. చక్రం ఏం చేస్తుందో ఆ పని మాటల్లోనే చెప్పండి. బాటిల్ అయ్యేదాకా ఎవరూ తీసేయరని మాటివ్వండి. విన్నదాన్ని వాళ్ల నోటితో తిరిగి చెప్పించండి. వాళ్లు రాసుకుంటారు.

వాళ్లు రాసుకుంటున్నప్పుడు నాకు పడవ కనిపిస్తుంది. బయల్దేరే ముందే ఆమె చేతి నుంచి గొట్టం తీసేశాను. అతను ఎదురుగా కూర్చున్నాడు. ఒక చేత్తో పడవ అంచు పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆ ఖాళీ బాటిల్‌ని తలకంటే ఎత్తున పట్టుకున్నాడు. నా రెండు చేతులూ ఆమెను పట్టుకుని ఉన్నాయి. దించమని నేను చెప్పలేదు. గొట్టం చివర గాల్లో ఊగుతోంది. పడవ ఊగుతోంది. ఆ చెయ్యి మాత్రం కదలడం లేదు.